నలభై సెకన్ల పరిచయం

తైపేలో ర్యామ్ అమ్మేవాళ్లకీ మదర్‌బోర్డులు తయారుచేసేవాళ్లకీ పెళ్లి సంబంధాలు కుదరకూడదని ఎవరూ శాసనం చేయలేదు. కుదిరినట్టు మాత్రం ఎవరూ వినలేదు. కంప్యూటర్ పని మధ్యలో ఆగి, తెర నీలంగా మారి, మెమరీ ఎర్రర్ అని చూపించిందనుకోండి. ర్యామ్ కొట్టుకి వెళ్తే బోర్డు పోయిందంటారు. బోర్డు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ర్యామ్ పోయిందంటారు. కొన్నవాడు రెండు చోట్లకీ తిరిగి తిరిగి, చివరికి విసుగొచ్చి కొత్త కంప్యూటర్ కొంటాడు. అందులో ఇద్దరికీ నష్టం లేదు.

కో యున్‌రూ ర్యామ్ పక్షం. ఎలక్ట్రానిక్స్ మార్కెట్ మూడో అంతస్తులో వాళ్ల నాన్న ముప్ఫై ఏళ్ల కిందట పెట్టిన కొట్టుని ఇప్పుడు ఆమె నడుపుతోంది. ర్యామ్ అమ్ముతుంది, అడిగినవాళ్లకి కంప్యూటర్ మొత్తం బిగించి కూడా ఇస్తుంది. హుంగ్ చెంగ్‌యే బోర్డు పక్షం. ఒక మదర్‌బోర్డు కంపెనీ సర్వీస్ సెంటర్లో నాలుగో కౌంటర్ అతనిది. జూలై రెండో మంగళవారం ఆమె ఒక స్పాంజి ట్రేలో పదకొండు ర్యామ్ స్టిక్కులు పేర్చుకుని వచ్చి అతని ముందు పెట్టింది.

"ఈ పదకొండూ మీ కొత్త బోర్డు మీదే ఎర్రర్లు ఇచ్చాయి," అంది.

"అంటే ర్యామ్ పోయినట్టండి."

"నేనింకా కూర్చోలేదు."

"కూర్చోండి. కూర్చున్నాక కూడా అదే చెప్తాను."

ఆమె కూర్చుంది. పర్సులోంచి ఒక ఉత్తరం తీసి అతని వైపు తిప్పి పెట్టింది. ర్యామ్ కంపెనీ రాసింది. రెండు నెలల్లో మీ ఒక్క కొట్టు నుంచే పదకొండు స్టిక్కులు వెనక్కి వచ్చాయి, మిగతా కొట్ల నుంచి ఒకటి రెండుకి మించలేదు, కారణం ఏమిటో నెలాఖరులోగా రుజువుతో చూపించకపోతే ఏజెన్సీ ఎదురు కొట్టుకి ఇస్తాం, మా పేరున్న సైన్‌బోర్డు దింపేస్తాం అని ఉంది.

"ఆ సైన్‌బోర్డు బిగించిన రోజు మా నాన్న నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు," అంది యున్‌రూ. "ఆ కాలు చూపించి ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాడు. అది దింపితే ఆయన తట్టుకోలేడు. అందుకని మీరు ర్యామ్ పోయిందని రాసే ముందు కాస్త పరీక్షించి రాయండి."

చెంగ్‌యే ఉత్తరం రెండుసార్లు చదివాడు. అతను చెడ్డవాడేమీ కాదు. రోజుకి నలభై మందికి ఒకే మాట చెప్పీ చెప్పీ ఆ మాటకి అలవాటు పడ్డాడు.

రెండు రోజులు పరీక్షించాడు. పదకొండు స్టిక్కుల్లో ఒక్కటీ ఎర్రర్ ఇవ్వలేదు. గురువారం ఫోన్ చేశాడు.

"ర్యామ్ అంతా బాగానే ఉందండి. బోర్డు కూడా బాగానే ఉంది."

"మరి ఎర్రర్లు నేను ఇస్తున్నానా?"

"అలా అనలేదండి."

"పరీక్షకి ముందు ఏం చేస్తారు మీరు?"

"బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి, అర నిమిషం ఆగి, మళ్లీ పెడతాం. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ప్రతి పరీక్షకీ అలా చెయ్యాలని మా రూలు."

"డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు జ్వరం ఇంట్లో వదిలి రమ్మన్నట్టుంది. జ్వరం ఎక్కడుందో నాకు తెలుసు. మీరే అక్కడికి రండి."

బయటికి వెళ్లి చూడడం సర్వీస్ సెంటర్ పనిలో లేదు. ఆదివారం సెలవు. ఆ సెలవు ఎందుకు పాడుచేసుకున్నావని తర్వాత తోటివాళ్లు అడిగితే సాంకేతిక ఆసక్తి అని చెప్పాడు. రోజూ ఫిర్యాదుతో వచ్చే మిగతావాళ్ల విషయంలో ఆ ఆసక్తి ఎందుకు పుట్టలేదో చెప్పలేదు.

జ్వరం యున్‌రూ దగ్గర కంప్యూటర్ కొన్న లాయ్ మాస్టారి ఇంట్లో ఉంది. ఆయన జాగ్రఫీ టీచరుగా రిటైరయ్యి, కొండలెక్కే క్లబ్బు వాళ్ల వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు. ఇల్లు లిఫ్టు లేని ఐదంతస్తుల మీద, డాబా పైన రేకులతో కట్టిన గది. జూలైలో ఆ గదిలో కూర్చోవాలంటే మనిషికి ఓర్పు ఉండాలి, మాస్టారికి అది దండిగా ఉంది. మెట్లెక్కి రొప్పుతున్న ఇద్దరికీ జామకాయ ముక్కలు, మీద చల్లుకోవడానికి ఎండు రేగుపండు పొడి ఇచ్చి, కంప్యూటర్ చూపించాడు.

కంప్యూటర్ మీద ఏడు పచ్చ ప్యాకెట్లు వరుసగా పేర్చి ఉన్నాయి. కొబ్బరి రుచి మొక్కజొన్న గుల్లలు. ఇక్కడ బ్యాంకు మిషన్ల నుంచి ట్రాఫిక్ లైట్ల పెట్టెల దాకా ఎక్కడ చూసినా ఆ ప్యాకెట్ ఉంటుంది, ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని అందరికీ నమ్మకం. రంగు పచ్చే అయ్యుండాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు.

"ఆగిపోయినప్పుడల్లా ఇంకోటి కొనుక్కొచ్చి పెడుతున్నాను బాబూ," అన్నాడు మాస్టారు. "ఎన్ని పెట్టినా దీనికి బుద్ధి రావట్లేదు."

చెంగ్‌యే నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాడు. ముందుగా ఏడు ప్యాకెట్ల గడువు తేదీలూ చూశాడు.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు గంభీరంగా.

యున్‌రూకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మాస్టార్ని ఆమె ముందుగా అడగాలనుకున్నది కూడా ఆ తేదీల గురించే.

మెమరీ టెస్ట్ మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకి తెర మీద ఎర్రర్ అని ఎర్ర గీత పడింది. వెంటనే ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టడం మానేశాడు.

"మీరు తెర చూడట్లేదేంటి?" అన్నాడు.

"మీ మొహం చూస్తున్నాను. ఒక్కో స్టిక్కు వెనక్కి వచ్చినప్పుడు నేనూ అలాగే ఉండేదాన్ని."

అతను ఆఫీసు నుంచి తెచ్చిన వేరే ర్యామ్ పెట్టి చూశాడు. అవే గీతలు.

"ర్యామ్ కాదు," అన్నాడు.

"ఇంకొక్కసారి అనండి."

"ర్యామ్ కాదండి."

"ఆ మాట మీ కంపెనీ మనిషి నోట వినాలని మా నాన్న ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాడు. ఫోన్లో రికార్డు చేసుకోవాల్సింది."

మాస్టారు కిటికీలోంచి కొండల వైపు చూసి, మూడున్నరకి వాన అన్నాడు. మూడూ ఇరవై ఐదుకే వచ్చింది. రేకుల మీద వాన మొదలైతే గదిలో మాట వినపడదు. ఏం చెప్పాలన్నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాల్సిందే. కాసేపటికి చెంగ్‌యే ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఆమె కొంచెం గాభరా పడింది.

"ఎర్రర్లు ఆగిపోయాయి," అన్నాడతను.

ఆమె తెర వైపు చూసింది. నిజమే. పావుగంట నుంచి ఒక్క గీత లేదు. ఆమె కూడా అతని చెవి దగ్గరికి వంగింది. "వానకీ ర్యామ్‌కీ ఏంటి సంబంధం?"

ఇప్పుడు గాభరా పడడం అతని వంతు. చెయ్యెత్తి నెత్తి మీది రేకు తాకి చూశాడు. చల్లబడింది. ఆ తర్వాత కంప్యూటర్ పైన చెయ్యి పెట్టాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. ప్యాకెట్లు ఒక్కొక్కటిగా తీశాడు. వాటి కింద గాలి బయటికి పోయే జల్లెడ ఉంది. ఏడోది తీసేసరికి వేడి గాలి మొహానికి కొట్టింది.

"మాస్టారూ, వీటిని ఇక్కడే పెట్టమని ఎవరు చెప్పారు?"

మాస్టారు యున్‌రూ వైపు చూశాడు. యున్‌రూ నేల వైపు చూసింది.

"నేనే," అంది. వాన తగ్గుతోంది, మాట మామూలుగానే వినబడింది. "ప్రతి కంప్యూటర్‌తో ఒకటి ఊరికే ఇస్తాను. పైన పెట్టుకోండి, పక్కన పెడితే పిల్లలు తినేస్తారని కూడా చెప్తాను."

"మార్కెట్లో ఇంకెవరైనా ఇస్తారా?"

"ఎవరూ ఇవ్వరు. అది మా కొట్టు స్పెషాలిటీ."

ఒక్క కొట్టు నుంచే స్టిక్కులు ఎందుకు వెనక్కి వస్తున్నాయో ముగ్గురికీ అర్థమైంది. యున్‌రూకి ఏడుపు వచ్చినంత పనైంది. రెండు నెలలుగా బోర్డు కంపెనీని తిట్టింది, ర్యామ్ కంపెనీని తిట్టింది. చివరికి నాన్న సైన్‌బోర్డు తన చేతుల్తోనే దింపబోతోంది.

"రాసెయ్యండి," అంది. "గాలి పోకుండా అడ్డం పెట్టించింది కొట్టు యజమాని అని రాయండి. అబద్ధం రాయమని నేనడగను."

"పరీక్ష ఇంకా అయిపోలేదు కదండీ."

"ఇంకేముంది?"

"వేడి ఉంది, నిజమే. కానీ ఇంతకంటే వేడి తట్టుకోవాలి మా బోర్డు. తట్టుకోలేదంటే అందులో ఇంకేదో ఉంది. మీరు అప్పుడే నేరం ఒప్పేసుకుంటే నాకు పని ఉండదు."

అతను కంప్యూటర్ ఆపి, సెట్టింగుల పేజీ తెరిచి ఒక్కో వరుసా చదవడం మొదలుపెట్టాడు. మాస్టారు టీ పెట్టాడు. టీ చల్లారింది. ఏడో పేజీ అడుగున చెంగ్‌యే వేలు ఆగింది.

"త్వరగా ఆన్ అవడానికి," అని చదివాడు. "ఇది ఆన్‌లో ఉంది. కొత్త బోర్డుల్లో కంపెనీయే ఆన్ చేసి పంపిస్తోంది."

"అది మంచిదేగా?"

"ఆన్ చేసిన ప్రతిసారీ బోర్డు ర్యామ్‌ని కొత్తగా పలకరించాలండి. నువ్వు ఇవాళ ఎంత వేగం అందుకుంటావు, ఎంత నెమ్మదిగా చెప్తే వింటావు అని కనుక్కోవాలి. దానికి నలభై సెకన్లు పడుతుంది. ఈ సెట్టింగ్ ఉంటే పలకరింపు లేదు. మొదటి రోజు ఏం కనుక్కుందో దాంతోనే ప్రతిరోజూ కానిచ్చేస్తుంది."

"మొదటి రోజు అంటే?"

"మొట్టమొదట ఎక్కడ ఆన్ చేస్తే అక్కడ."

"మా కొట్లో," అంది యున్‌రూ. "బిగించాక ఒకసారి ఆన్ చేసి చూపించి ఇస్తాను."

"ఏసీ ఎంతలో పెడతారు?"

"నాన్న పద్దెనిమిది దాటనివ్వడు."

చెంగ్‌యే నవ్వాడు. ఆమె అతని నవ్వు చూడడం అదే మొదటిసారి, బాగుందనుకుంది. పద్దెనిమిది డిగ్రీల కొట్లో కనుక్కున్న లెక్కతో ఆ బోర్డు రేకుల గదిలో నెట్టుకొస్తోంది. సర్వీస్ సెంటర్లో ఎర్రర్ ఎందుకు కనపడలేదో కూడా తేలింది. బిళ్ల బ్యాటరీ తీసిన ప్రతిసారీ పాత లెక్క చెరిగిపోయి, పలకరింపు మళ్లీ మొదటినుంచీ జరుగుతోంది.

"మా రూలే రోగాన్ని దాచిపెట్టింది," అన్నాడు.

రుజువు కావాలంటే నాలుగు పరీక్షలు చెయ్యాలి. ప్యాకెట్లు ఉంచి, తీసి. సెట్టింగ్ ఉంచి, తీసి. అదీ వాన లేని మధ్యాహ్నాల్లో. చెంగ్‌యే సెలవు పెట్టాడు. యున్‌రూ మధ్యాహ్నం కొట్టు నాన్నకి అప్పగించి, పంది మాంసం వేపుడూ ఉడికించిన గుడ్డూ పెట్టిన అన్నం డబ్బాలు మూడు పట్టుకుని ఐదంతస్తులు ఎక్కేది. మూడో రోజుకి ఆమె అతన్ని నువ్వు అంటోంది. అతను ఇంకో రోజు ఆలస్యంగా అన్నాడు.

"నీకు గుడ్డు ఇష్టం లేదా?"

"ఇష్టమే. చివర్లో తింటాను."

"అయితే చివరిదాకా ఆగడం ఎందుకులే," అని తన డబ్బాలోది కూడా తీసి అతని అన్నం మీద పెట్టింది.

మాస్టారు ఇదంతా కళ్లజోడు మీదుగా చూస్తూనే ఉన్నాడు. "బాబూ, ఇది బాగైపోతే మీరిద్దరూ మళ్లీ రారేమో," అన్నాడు. "నాకేం తొందర లేదు. నిదానంగా బాగుచెయ్యి."

చెంగ్‌యే చెవులు ఎర్రబడ్డాయి. ఎండ అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. సెట్టింగ్ ఆన్‌లో ఉండి ప్యాకెట్లు ఉంటే ఇరవై నిమిషాల్లో ఎర్రర్లు. సెట్టింగ్ ఆన్‌లో ఉండి ప్యాకెట్లు తీసేస్తే రెండు గంటలకి ఎర్రర్లు. సెట్టింగ్ ఆపేస్తే ప్యాకెట్లు ఏడూ పైన ఉన్నా సాయంత్రం దాకా ఒక్క గీత లేదు, తీసేసినా లేదు. తప్పు సెట్టింగ్‌ది. ప్యాకెట్లు దాన్ని త్వరగా బయటపెట్టాయి అంతే. యున్‌రూ ఆ కాగితం రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చదివింది. చదవడానికి అందులో నాలుగు వరుసలే ఉన్నాయి.

చెంగ్‌యే పై అధికారి షీ మేడమ్ అంత సంతోషపడలేదు.

"రెండో వరుసా మూడో వరుసా తీసెయ్," అంది. "మొదటిదీ నాలుగోదీ ఉంచు. ఎర్రర్లు వచ్చింది ప్యాకెట్లున్నప్పుడే అని ఉంటుంది. గాలికి అడ్డం పెట్టారు, వాడినవాళ్ల తప్పు. ఫైలు మూసేద్దాం."

"ఆ రెండు వరుసలూ జరిగినవే మేడమ్."

"జరిగాయని నాకు తెలుసు. గోడౌన్లో ఇరవై రెండు వేల బోర్డులు అదే సెట్టింగ్‌తో ఉన్నాయి. అది నీకు తెలుసా?"

"తెలుసు మేడమ్. అందుకే ఉంచుతున్నాను."

ఆ సాయంత్రం అతను యున్‌రూకి ఫోన్ చేశాడు.

"నాలుగు వరుసలతో సంతకం పెట్టాను. ప్యాకెట్ల సంగతి కూడా ఉంది. తియ్యలేదు."

"తియ్యకు. అదీ నిజమేగా," అంది. మళ్లీ, "నీకేమీ కాదుగా?" అంది.

"ఏమవుతుంది?" అన్నాడు.

నెలాఖరున ర్యామ్ కంపెనీ మనిషి కొట్టుకి వచ్చాడు. రిపోర్టు నిలబడే చదివాడు. ఏజెన్సీ మీదే ఉంటుంది, ప్యాకెట్లు మాత్రం ఇకమీదట పక్కన పెట్టుకోమని చెప్పండి అన్నాడు. ఎదురు కొట్టువాడు సైన్‌బోర్డు కోసం అప్పటికే కొలతలు తీయించిన గోడకి క్యాలెండర్ తగిలించుకున్నాడు. యున్‌రూ నాన్న ఆ రోజు పదిమందికి కాలు చూపించాడు.

యున్‌రూ చెంగ్‌యేకి కబురు పంపింది. చాలా సంతోషం అని రెండే మాటలు తిరిగి వచ్చాయి. ఆ తర్వాత ఏమీ లేదు. వారం గడిచింది. రెండో వారం కూడా గడిచింది. పనైపోయాక మళ్లీ ఎవరి పక్షం వాళ్లదే కాబోలు అనుకుంది. అలా అనుకుంటే బాధ తగ్గుతుందేమోనని చూసింది, తగ్గలేదు. ఒకరోజు కొట్లో ఎనిమిది స్టిక్కులు అడిగినవాడికి నాలుగిచ్చి పంపింది. నాన్న చూశాడు. సాయంత్రం ఆయనే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాడు.

చెంగ్‌యే అక్కడ లేడు. తావ్‌యువాన్‌లోని గోడౌన్లో ఉన్నాడు. ఇరవై రెండు వేల బోర్డుల్నీ డబ్బాల్లోంచి తీసి, కరెంటిచ్చి, పెన్‌డ్రైవ్‌తో సెట్టింగ్ మార్చి, మళ్లీ డబ్బాలో పెట్టాలి. షీ మేడమ్ దాన్ని శిక్ష అనలేదు. నువ్వే కనిపెట్టావు కాబట్టి నీకే బాగా వచ్చు అంది. శనివారాలు కూడా రమ్మంది.

ఆ శనివారం ఉదయం గోడౌన్లో రోజు పనికొచ్చినవాళ్లని చెంగ్‌యే బల్లల దగ్గరికి పంపిస్తున్నాడు. అయిదు బల్లలు, బల్లకి ఇద్దరు. అతని బల్ల దగ్గర రెండో మనిషి రావట్లేదని రెండు వారాలుగా ఒక్కడే చేస్తున్నాడు. వరుసలో చివర, గోడౌన్ వాళ్లిచ్చిన, మోకాళ్ల దాకా దిగిన పసుపు కోటు వేసుకుని యున్‌రూ నిలబడి ఉంది.

"నువ్వేంటి ఇక్కడ?"

"రోజు పనికి మనుషులు కావాలన్నారుగా. పేరు రాసిచ్చాను."

"ఇవాళ శనివారం. కొట్లో రద్దీ ఎక్కువ. ఎవరున్నారు?"

"నాన్న. మన పేరు నిలబెట్టినవాడు అక్కడ డబ్బాలు విప్పుకుంటుంటే నువ్విక్కడ చల్లగా కూర్చున్నావేంటి అని తిట్టి పంపించాడు. మీ కంపెనీ మనిషి గురించి ఆయన మంచిగా మాట్లాడడం నేను పుట్టాక ఇదే వినడం."

చెంగ్‌యే చేతిలో డబ్బా కింద పెట్టాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"నీ వల్లే నాకిలా అయిందని బాధపడతావని."

"బాధపడ్డాను. రెండు వారాలు. నీకేదో అయిందని కాదు, నేను గుర్తులేనని."

రిపోర్టులో అతను అబద్ధం రాయలేదు, నిజమే, కానీ చెప్పకుండా దాచడం కూడా అదే కోవలోకి వస్తుందని అతనికి అప్పుడు తట్టింది.

"రోజూ గుర్తొచ్చావు," అన్నాడు. "ఫోన్ తీసేవాణ్ణి. ఏ పనీ లేకుండా నీకెందుకు చేస్తున్నానో చెప్పాలిగా. అది చెప్పడానికి భయమేసింది."

"అయితే నేను చెప్తాను. నువ్వంటే నాకిష్టం. ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"నాక్కూడా," అన్నాడు చెంగ్‌యే. ఆ తర్వాత రెండో ప్రశ్న గుర్తొచ్చింది. "పదమూడు వేలు."

"ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?"

అతను తన పక్కనున్న స్టూలు మీది డబ్బాలు తీసి కింద పెట్టి, దాన్ని తుడిచి, ఆమె వైపు జరిపాడు.

రెండు వారాలుగా చెంగ్‌యే ఒక్కడే రోజుకి నూట యాభై బోర్డులు చేస్తున్నాడు. ఆ రోజు సాయంత్రం గోడౌన్ రిజిస్టర్లో అయిదో బల్ల దగ్గర, ఇద్దరు మనుషులు, తొంభై రెండు బోర్డులు అని రాసి ఉంది.